నాలుగు దిమ్మెల మీద కట్టడం

ముక్కామల తారకేశ్వరరావు జీవితంలో ఒక్క ఇల్లు కూడా కట్టలేదు. కాపురముంటున్న డాబా మామగారు కట్టించింది. దానికి సున్నం వేయించడానికే ఆయన నాలుగేళ్ళు ఆలోచిస్తాడు. అయినా వేమరపాడు పురపాలక సంఘం దృష్టిలో ఆయన ఒక అక్రమ కట్టడానికి కర్త. ఇందులో పురపాలక సంఘాన్ని తప్పు పట్టడానికి వీల్లేదు. వాళ్ళు ప్రతి అడుగూ నిబంధనల ప్రకారమే వేశారు. ఈయన మాత్రం ఎవరితోనూ చెప్పకుండా ఇంటి దగ్గర కారు గేర్‌బాక్సు మార్చడానికి పూనుకున్నాడు.

కారు ఆయనది కాదు, భార్య హైమావతిది. ఆవిడ పెదలంక హైస్కూల్లో లెక్కల టీచరు. చిన్నతనంలో పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో బస్సు, తరువాత చాలా ఏళ్ళు షేరాటో. ఎక్కేటప్పుడొకరు చెయ్యి పట్టుకునేవారు, దిగేటప్పుడొకరు సంచీ అందుకునేవారు. అందరూ మంచివాళ్ళే. ఆ మంచితనం కోసం రోజూ రెండు పూటలా రోడ్డు పక్కన నిలబడాల్సి రావడమే ఆవిడకు కష్టంగా ఉండేది. క్లచ్ తొక్కే పని లేని ఆటోమేటిక్ కార్లు వచ్చాయని తెలిశాక సెకండ్ హ్యాండులో ఒకటి కొనుక్కుంది. ఒక్క కుడి కాలుతో నడపొచ్చు. ఆ రోజు నుంచి ఆవిడ ఎవరి కోసమూ ఎదురుచూడలేదు.

బళ్ళు తెరిచిన వారానికి ఆ కారు మొరాయించింది. ముందుకు గేరు వేస్తే ఇంజను రంకెలు వేస్తుంది కానీ బండి కదలదు. వెనక్కి మాత్రం భేషుగ్గా పోతుంది. తారకేశ్వరరావు వెళ్ళి, మెడ తిప్పుకుని, పెదలంక నుంచి వేమరపాడు దాకా కారును వెనక్కే నడుపుకుంటూ తెచ్చాడు. ఊరంతా చూసింది. ఆ మెడ మళ్ళీ తిన్నగా రావడానికి నాలుగైదు రోజులు పట్టింది.

షోరూములో కుర్రవాడు మర్యాదగా, గేర్‌బాక్సు రిపేరు చేయడం తమ దగ్గర ఉండదనీ, మొత్తం మార్చాలనీ, దానికయ్యే ఖర్చు వింటే బాధపడతారనీ, దానికన్నా కొత్త కారు చూసుకోవడం మేలనీ చెప్పి, రంగుల పుస్తకం చేతిలో పెట్టాడు. తారకేశ్వరరావు ఆ పుస్తకం అక్కడే వదిలేసి వచ్చాడు. ఆయన ముప్ఫై ఏళ్ళు రైసుమిల్లులో ఫోర్‌మన్‌గా చేసినవాడు. విప్పిన యంత్రాన్ని బిగించకుండా ఎప్పుడూ వదల్లేదు. బిగించాక ఒకటి రెండు బోల్టులు మిగిలేవి, అది వేరే సంగతి. ఆయన వారం రోజులు ఫోను ముందు కూర్చుని, ఏ దేశంవాళ్ళో తమ ఇళ్ళ దగ్గర గేర్‌బాక్సులు దించుకుంటున్న వీడియోలు చూశాడు. భాష అర్థం కాకపోయినా స్పానర్లు అర్థమయ్యాయి. విజయవాడ వెళ్ళి, వెనకనుంచి లారీ గుద్దిన అదే రకం కారుది ఒక గేర్‌బాక్సు తెచ్చుకున్నాడు.

"ఇంట్లోనే మార్చేస్తారా?" అంది హైమావతి.

"మిల్లులో ఎలివేటరు గేర్లు మార్చలా? ఇదీ అంతే. కాకపోతే ఇందులో ఆయిల్ ఎక్కువ."

"ఎన్ని రోజులు పడుతుందండి?"

"పది రోజులు చూసుకో. ఈలోగా ఆటోలో వెళ్ళు."

హైమావతి సరేనంది. ఆవిడ సరేననడంలో ఎంత ఉందో ఆయనకు తెలుసు కాబట్టి మర్నాడే పని మొదలుపెట్టాడు.

ఆయన చేసిన పొరపాటల్లా జాగ్రత్త. గేర్‌బాక్సు కిందనుంచి దించాలి. అంటే కారు ఎత్తి నిలబెట్టాలి. అందరిలాగా ఇటుకలు పేర్చి ఊరుకోవచ్చు. "ఇటుక పగిలితే కింద పడుకునేది నేను గదా" అనుకుని, తాపీమేస్త్రిని పిలిచి, పెరట్లో గోతులు తీయించి, ఇనపచువ్వలు పెట్టి, నాలుగు కాంక్రీటు దిమ్మెలు పోయించాడు. వాటికి నీళ్ళు పట్టి, బాగా ఆరనిచ్చి, కారును జాకీలతో లేపి వాటి మీద నిలబెట్టాడు. ముందు చక్రాలు విప్పాడు. పాత ఆయిల్ దించాడు, యాక్సిళ్ళు లాగాడు. మిల్లు నుంచి గొలుసుకప్పీ అరువు తెచ్చి పాత గేర్‌బాక్సును గోనెపట్టా మీదికి మెల్లగా దింపాడు. విప్పిన ప్రతి బోల్టు పక్కనా సుద్దముక్కతో అది ఎక్కడిదో రాసుకున్నాడు. ఆ సాయంత్రం పాత గేర్‌బాక్సు పక్కన కుర్చీ వేసుకుని టీ తాగుతుంటే, ఏనుగును పడగొట్టినంత తృప్తి కలిగింది.

సరిగ్గా అప్పుడే పురపాలక సంఘంలో అక్రమ కట్టడాల నిర్మూలన పక్షోత్సవాలు మొదలయ్యాయి. ప్రతి వార్డులోనూ ఇన్నని కట్టడాలు పట్టి చూపించాలి. తారకేశ్వరరావు ఉండే వార్డులో అందరూ రిటైరైనవాళ్ళు. కట్టే ఓపికా లేదు, కూల్చే ఓపికా లేదు. ఆ వార్డు ప్లానింగ్ సెక్రటరీ నిహారిక అనే అమ్మాయి వీధులన్నీ తిరిగి తిరిగి, చివరికి ఈ పెరటి ముందు ఆగింది. కొత్త కాంక్రీటు చూసి ఆమె కళ్ళు మెరిశాయి.

"ఇవి పిల్లర్లేనాండి?" అంది ట్యాబు తీస్తూ.

"దిమ్మెలమ్మా. కారు నిలబెట్టడానికి."

"పైన ఉన్నదానికి రూఫ్ ఉందాండి?"

"కారన్నాక ఉండదా?"

"తలుపులు, కిటికీలు నాలుగేసి." ఆమె నొక్కుకుంటూ పోతోంది. "ఇది కదులుతుందాండి?"

తారకేశ్వరరావు అబద్ధమాడే మనిషి కాదు. "ఇప్పుడెలా కదులుతుందమ్మా, గేర్‌బాక్సు కింద ఉంటేను?"

ఆమె మొహం ముడుచుకుంది. "ఏమనుకోకండి సార్. ఇందులో ఖాళీ స్థలం, కట్టడం అని రెండే ఉన్నాయండి. ఖాళీ స్థలమని పెడదామంటే ఫోటోలో ఇది కనబడుతోంది." ఒక్క క్షణం జాలిగా చూసి, కట్టడం అని నొక్కింది.

మర్నాడు ముందు అద్దానికి నోటీసు అంటించి ఉంది. పైకప్పు, తలుపులు, కిటికీలు కలిగి, నేలలో పాతిన స్తంభములపై నిలిచి, స్వశక్తితో కదలలేని ప్రతి వస్తువూ కట్టడమేనని నిర్వచనం. ఆ స్వశక్తి ముక్క తరువాత చేర్చారట. ఒకప్పుడు టిఫిన్ల వ్యానొకదాన్ని కట్టడమని కూల్చబోతే డ్రైవరు దాన్ని నడుపుకుంటూ వెళ్ళిపోయాడట. అప్పటినుంచి పురపాలక సంఘం నిర్వచనాల విషయంలో చాలా ఒళ్ళు దగ్గర పెట్టుకుంటోంది.

తారకేశ్వరరావు నోటీసు పట్టుకుని టౌన్ ప్లానింగ్ ఆఫీసరు కోదండపాణి దగ్గరకు వెళ్ళాడు. కోదండపాణి మామూలు మనుషుల్లాగా మాట్లాడటం ఉద్యోగంలో చేరిన రోజే మానేశాడు.

"తమరి కట్టడము విషయమై విచ్చేసినారా?"

"కట్టడం కాదండి. కారు."

"కారు అనునది రవాణా శాఖ వారి భావన. మా శాఖకు అట్టి భావన లేదు."

"చక్రాలున్నాయండి దానికి."

"ఎన్ని?"

"ప్రస్తుతానికి రెండండి. ముందువి విప్పాను."

"మా బావమరిది గృహమునకు పిట్టగోడపై నాలుగు బండిచక్రములు గలవు. ఆ గృహము ఇంతవరకూ ఎచ్చటికీ పోలేదు." కోదండపాణి కళ్ళజోడు సవరించుకున్నాడు. "అదియునుగాక, ప్రహరీగోడకు, తమరి కట్టడమునకు నడుమ విడువవలసిన ఖాళీ విడువలేదు."

"అయ్యా, నాకో నాలుగు రోజులు టైమివ్వండి. కొత్త గేర్‌బాక్సు పెట్టేస్తాను. అదే కదులుతుంది. మీకీ బాధ ఉండదు."

"అనగా నిర్మాణము ఇంకనూ కొనసాగుచున్నదని తమరు అంగీకరించుచున్నారు." ఆయన ఆ మాట రాసుకున్నాడు. "ఈ క్షణము నుండి పని నిలుపుదల చేయవలెను. ఒక్క మేకు కొట్టినను నేరము."

"గేర్‌బాక్సు పెడితే కదా కట్టడం కాకుండా పోయేది?"

"కట్టడము కాబట్టే పెట్టరాదు."

తారకేశ్వరరావు కాసేపు ఆ రెండు ముక్కలనూ మనసులో అటూ ఇటూ తిప్పి చూశాడు. మిల్లులో ఏ యంత్రమైనా ఎక్కడో ఒకచోట బోల్టు ఉండేది, అక్కణ్ణుంచి విప్పుకుంటూ రావచ్చు. దీనికి ఎక్కడా బోల్టు కనిపించలేదు.

"మరి నన్నేం చేయమంటారండి?"

"మార్గములు రెండు. కూల్చివేత ఒకటి, క్రమబద్ధీకరణ ఒకటి. కూల్చివేతకు మా జేసీబీ సిద్ధముగా నున్నది. దానికి ఎట్టి రుసుమూ లేదు."

జేసీబీ మాట వినగానే తారకేశ్వరరావు క్రమబద్ధీకరణకే మొగ్గాడు. ప్లాను కావాలన్నారు. ప్లాన్లు గీసే సర్వేయరు ఫణిభూషణం టేపు పట్టుకుని వచ్చి, కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఆయన ఆశ్చర్యపోలేదు. పురపాలక సంఘంతో పాతికేళ్ళుగా పని చేస్తున్నవాడు దేనికీ ఆశ్చర్యపోడు.

"ముందు సీట్లు వరండా వేద్దావండి. వెనక సీటు పడగ్గది. డిక్కీ సామాన్ల గది. వంటిల్లేదీ?"

"కారుకి వంటిల్లేంటయ్యా?"

"వంటిల్లు లేందే నివాసం కింద రాదండి. ఇంజను వేడెక్కుద్ది గదా, అది వంటిల్లు. పొయ్యి వెలిగినా వెలక్కపోయినా వాళ్ళకనవసరం. నీళ్ళ ట్యాంకు?"

"అద్దాలు కడిగే నీళ్ళ డబ్బా ఉంది."

"చాలండి. గాలీ వెలుతురూ మాత్రం దివ్యంగా ఉన్నాయి, ఈ ఊళ్ళో ఇన్ని కిటికీలున్న గది ఇంకోటి లేదు." తలుపు తెరిచి లోపలికి టేపు నిలువుగా పెట్టి పెదవి విరిచాడు. "ఎత్తు చాల్దండి. మనిషి నిలబడలేడు."

ఆ చిక్కు కోదండపాణే తీర్చాడు. ఫైలు చదివి, బాగా ఆలోచించి, 'కూర్చుండి నివసించు గృహము' అని కొత్త తరగతి ఒకటి సృష్టించాడు. దానికి పై అధికారులు ఆయన్ను అభినందించారని చెప్పుకున్నారు. ప్రతి గృహానికీ ఇంకుడుగుంత ఉండాలి కాబట్టి తారకేశ్వరరావు పెరట్లో అదీ తవ్వించాడు. విజయవాడ నుంచి తెచ్చిన గేర్‌బాక్సు పెరట్లో అలాగే పడి ఉంది. ఆయన రోజూ పొద్దున్నే దాని మీద దుమ్ము తుడిచి, పాత దుప్పటి కప్పి వచ్చేవాడు.

హైమావతి ఆటోలోనే వెళ్తోంది. వానలు పట్టాయి. ఒకరోజు సాయంత్రం ఆవిడ మోచేయి గీరుకుపోయి కనిపించింది.

"ఏంటది?"

"ఆటో దిగుతుంటే జారాను. ఏం లేదు."

"ఎవరూ పట్టుకోలేదా?"

"పట్టుకున్నారు. నలుగురూ ఒకేసారి పట్టుకున్నారు, అందుకే పడ్డాను." ఆవిడ పసుపు రాసుకుంటూ నవ్వబోయింది. నవ్వు రాలేదు. "ఏవండీ, ఆ కాగితాల పని ఎప్పటికవుతుందో అడుగుతారా? పొద్దున్నే ఆటో కోసం నిలబడటం నావల్ల కావట్లేదు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఏదైనా తన వల్ల కావట్లేదని ఆవిడ అనడం ఆయన వినలేదు. లేచి పెరట్లోకి వెళ్ళి, దిమ్మెల మీద నిలబడ్డ కారును చూస్తూ చాలాసేపు ఉండిపోయాడు. ఆయనకు ఏడుపొచ్చింది. కోపం ఆ తరువాత వచ్చింది.

శ్రావణం వచ్చేసరికి క్రమబద్ధీకరణ ఉత్తర్వు కూడా వచ్చింది. నిహారిక నీలంరంగు ఇంటినంబరు రేకు తెచ్చి, వెనక తలుపుకి బిగించి, ఫోటో తీసుకుని, "కంగ్రాట్స్ సార్" అంది. సక్రమమైన ఇంటి లోపల చిన్న చిన్న మరమ్మతులకు అనుమతి అక్కర్లేదట. ఆ మాట చెవిన పడ్డ మరుక్షణం తారకేశ్వరరావు కారు కిందికి దూరాడు.

ఇంజను తిప్పుడును గేర్‌బాక్సుకి అందించే టార్క్ కన్వర్టరు సరిగ్గా కూర్చోబెట్టడానికే ఒక పూట పట్టింది. అది పూర్తిగా లోపలికి దిగకుండా బోల్టులు బిగిస్తే కొత్త గేర్‌బాక్సు కూడా పాడవుతుందని వీడియోల్లో అందరూ అన్ని భాషల్లోనూ మొత్తుకున్నారు. ఆయన దాన్ని చేత్తో తిప్పుతూ, నొక్కుతూ, అది లోపలికి జారిన చప్పుడు చెవితో వినేదాకా వదల్లేదు. గొలుసుకప్పీతో గేర్‌బాక్సు పైకి లేపి, ఇంజనుకి కలిపి, బోల్టులు, యాక్సిళ్ళు, చక్రాలు బిగించాడు. ఆయిల్ పోసి, ఇంజను వేడెక్కాక మళ్ళీ కొలిచి చూశాడు. కారును దిమ్మెల మీంచి దించి, బ్రేకు తొక్కి గేరు ముందుకి వేశాడు. చిన్న కుదుపు కూడా లేకుండా బండి ముందుకి జరిగింది. ఈసారి బోల్టులు కూడా మిగల్లేదు.

"నువ్వు నడుపు" అని దిగిపోయాడు. హైమావతి కూర్చుని, వీధి చివరిదాకా వెళ్ళి, తిరిగొచ్చి, ఆయన నూనె చెయ్యి పట్టుకుంది. మర్నాడు పొద్దున్న బడికి కారులో వెళ్ళింది.

ఆ ఆనందం వారం కూడా నిలవలేదు. క్రమబద్ధీకరణ అనంతర పరిశీలన అని నిహారిక మళ్ళీ వచ్చింది. పెరట్లో నాలుగు దిమ్మెలున్నాయి, వాటి మీద ఏమీ లేదు.

"సార్, ఇల్లేదండి?"

"బడికెళ్ళిందమ్మా."

ఆమె ఫోను చేసిన అరగంటకి కోదండపాణి స్వయంగా వచ్చాడు. దిమ్మెల మధ్య నిలబడి, లేని గోడల వంక చాలాసేపు చూసి, "కట్టడము పరారీలో నున్నది" అని ప్రకటించాడు.

పరారీలో ఉన్న కట్టడం పెదలంక హైస్కూలు వేపచెట్టు నీడలో దొరికింది. అప్పటికే అక్కడి పంచాయతీ కార్యదర్శి, పట్టణం నంబరున్న ఇల్లు తమ పంచాయతీ భూమిలోకి చొరబడిందని పైకి రాసేసి ఉన్నాడు. కోదండపాణి హైమావతిని క్లాసులోంచి పిలిపించాడు.

"అనుమతించిన స్థలము విడిచి గృహమును తరలించుట తీవ్రమైన ఉల్లంఘన. తక్షణము యథాస్థానమున నిలుపవలెను."

"బడి వదలగానే ఇంటికే తీసుకెళ్తానండి. రోజూ అదే చేస్తున్నాను."

"రోజూ" అని ఆయన రాసుకున్నాడు.

ఆ సాయంత్రం కారును మళ్ళీ దిమ్మెల మీదికి ఎక్కించేదాకా దగ్గరుండి, నాలుగు తలుపులకూ గుడ్డ చుట్టి లక్క సీలు వేసి వెళ్ళారు. మర్నాడు పొద్దున్న హైమావతి గొడుగు వేసుకుని ఆటో కోసం వెళ్ళి నిలబడింది.

విచారణ కమిషనరు సమక్షంలో, పై అంతస్తులో పెట్టారు. గృహ యజమానురాలు స్వయంగా హాజరు కావాలన్నారు. ఆఫీసుకు లిఫ్టు లేదు. లిఫ్టు గది కడితే ఆఫీసు చుట్టూ విడవాల్సిన ఖాళీ తగ్గిపోతుందని కోదండపాణే అభ్యంతరం పెట్టాడట. హైమావతి రెయిలింగు పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కింది. తారకేశ్వరరావు చెయ్యి అందించబోతే కళ్ళతోనే వద్దంది. పైకి చేరేసరికి ఆవిడ మొహం చెమటతో తడిసిపోయింది. లోపల అందరూ ఎంతో గౌరవంగా లేచి నిలబడ్డారు.

కమిషనరు ఉత్సాహవంతుడు. సమస్య విని ముచ్చటపడ్డాడు. "మేడమ్, మీ బాధ మాకర్థమైంది. మీకు ఇల్లు కదలాలి. మాకు రూల్సు కదలకూడదు. అంతే కదా?"

"నాకు బడికెళ్ళాలండి" అంది హైమావతి.

"అదే, అదే. పాణిగారూ, రోడ్డు ఎత్తు పెరిగితే జనం జాకీలు పెట్టి ఇళ్ళు పైకి లేపించుకుంటున్నారు కదా? పక్కకి కూడా జరుపుతున్నారట. దానికేదో పర్మిషన్ ఇస్తున్నాం కదా?"

కోదండపాణి మొహం వికసించింది. "గృహ స్థానచలన అనుమతి కలదు. షరతులకు లోబడి మంజూరు చేయవచ్చును."

షరతులు ఒక పేజీ పైనే వచ్చాయి. వెళ్ళడానికొక అనుమతి, రావడానికొకటి. గృహానికి వెనక ఎర్రజెండా పట్టుకుని ఒక మనిషి నడవాలి. ముందు టౌన్ ప్లానింగ్ అధికారి నడుస్తూ స్వయంగా పర్యవేక్షించాలి. గృహము సదరు అధికారి నడక వేగాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ మించరాదు. ఆ చివరి షరతు కోదండపాణి తానే రాసుకున్నాడు. రాసేటప్పుడు కూర్చుని ఉన్నాడు.

సీళ్ళు విప్పి, కారును దిమ్మెల మీంచి దించాక, మొదటి స్థానచలనం తెల్లవారుతూనే మొదలైంది. ముందు కొత్త తోలుచెప్పులతో కోదండపాణి, ఆయన వెనక కారులో హైమావతి, కారు వెనక ఎర్రజెండాతో తారకేశ్వరరావు. బ్రేకు మీద కాలు పెట్టి వదులుతూ పోవడమే తప్ప ఆవిడకు నడపడానికేమీ లేదు. పాలవాళ్ళు సైకిళ్ళు దిగి దారిచ్చారు. ఎవరి శవయాత్రో అనుకుని ఒక ముసలాయన తలగుడ్డ తీసి నిలబడ్డాడు.

వాన వెలిసిన ఎండ చురుక్కుమంటోంది. ఊరు దాటేసరికి కోదండపాణి చొక్కా వీపుకు అంటుకుపోయింది. కాలవ వంతెన దగ్గరకొచ్చేసరికి చెప్పు కరిచి, కుంటడం మొదలుపెట్టాడు. ఇంకొంత దూరం పోయి, ఒక చెప్పు చేత్తో పట్టుకుని తూము గోడ మీద కూలబడ్డాడు. కారు కూడా షరతు ప్రకారం ఆగింది. పెదలంక ఇంకా సగం దూరం పైనే ఉంది.

తారకేశ్వరరావుకు లోపల ఎంత సంతోషం కలిగిందో దాచడం దేనికి? గబగబా కిటికీ దగ్గరకొచ్చి, "కాసేపు కూర్చోనీ, మళ్ళీ లేపుదాం. ఆయన రాసిన షరతే. బడిదాకా నడిపిద్దాం. రేపూ నడిపిద్దాం. వారం తిరిగేసరికి ఆయనే చింపేస్తాడు" అన్నాడు.

హైమావతి తూము మీది మనిషిని చూస్తోంది. ఆయన కాలు నేలకి ఆనించి, మళ్ళీ ఎత్తుకుని, ఎవరూ చూడటం లేదు కదా అని చుట్టూ చూస్తున్నాడు.

"నావల్ల కాదండి" అంది.

"ఎందుకు కాదు? నిన్ను పై అంతస్తు ఎక్కించలేదూ?"

"ఎక్కించారు. అందుకే. కుంటుతూ నడిచేవాణ్ణి వెనకనుంచి చూస్తూ కూర్చోలేను. ఆ నడక ఎట్లా ఉంటుందో నాకు తెలుసు." ఆవిడ వంగి ఎడమవైపు తలుపు తెరిచింది. "రండి, ఎక్కండి. బడికి టైమవుతోంది."

కోదండపాణి తటపటాయించాడు. "విధి నిర్వహణలో నున్న అధికారి..."

"లోపల్నుంచి తనిఖీ చేయండి. ఏ రూలైనా వద్దందా?"

ఏ రూలూ వద్దనలేదు. ఆయన లేచి, కుంటుకుంటూ వచ్చి, వరండాలో కూర్చున్నాడు. తారకేశ్వరరావు జెండా మడిచి, గొణుక్కుంటూ పడగ్గదిలో కూర్చున్నాడు. చల్లటి గాలి మొహానికి తగలగానే కోదండపాణి కళ్ళు మూతలు పడ్డాయి. గేర్‌బాక్సు ఒకదాని తరువాత ఒకటిగా గేర్లు మార్చుకుంటూ పోయింది. ఆయనకు మెలకువ రాలేదు. ఒక ఫోర్‌మన్ పనికి అంతకన్నా పెద్ద యోగ్యతాపత్రం ఉండదు, కానీ తారకేశ్వరరావు ఆ సమయంలో దాన్ని గుర్తించే స్థితిలో లేడు.

ప్రార్థన గంట కొట్టకముందే బడికి చేరారు. హైమావతి కోదండపాణిని లేపి, స్టాఫ్‌రూములో కుర్చీ చూపించి, దూదీ అయోడినూ ఇప్పించి, క్లాసుకి వెళ్ళబోయింది.

"అమ్మా" అన్నాడు కోదండపాణి. ఉద్యోగంలో చేరాక ఆయన అంత చిన్న మాట మాట్లాడటం అదే మొదలేమో. "తిరిగి ఎన్నింటికి వెళ్తారు?"

"బడి వదిలాకండి."

"నేనూ వస్తాను. ఆటో ఎక్కలేను, కాలు..."

"అలాగే వద్దురుగాని. అందాకా కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు. పీరియడు తరువాత పీరియడు గడిచింది. వచ్చిన ప్రతి టీచరూ ఆయన కాలు చూసి, అయ్యోపాపం అని, మంచినీళ్ళిచ్చి వెళ్ళారు. అందరూ మంచివాళ్ళే. మధ్యాహ్నానికి ఆయనకు మంచివాళ్ళంటే విసుగొచ్చింది. గడియారం చూడటం మానేసి, కాగితం అడిగి తీసుకుని, తనిఖీ నివేదిక రాశాడు.

'సదరు గృహమునందు దిగువ సంతకముదారు స్వయముగా ఆసీనుడై క్షుణ్ణముగా పరిశీలించినాడు. పరిశీలన జరిగినంతసేపు గృహము అణుమాత్రమైనను కదలినట్లు అనుభవమునకు రాలేదు. అయితే పరిశీలన ముగియునప్పటికి పరిసర ప్రాంతము మారియున్నది. ఇందుకు రోడ్డు బాధ్యత వహించవలసియున్నది. గృహము కదలనందున, స్థానచలన అనుమతి గానీ, అందలి షరతులు గానీ దీనికి వర్తించవు.'

కమిషనరు ఆమోదించాడు. అనుమతి లేకుండా కదులుతున్నందుకు రోడ్ల శాఖకు నోటీసు వెళ్ళింది. రోడ్లశాఖవారు సంయుక్త సర్వే జరిపించి, తమ రోడ్డు వేసిన చోటనే ఉన్నదనీ, బహుశా వేమరపాడు పట్టణమే కదిలి ఉండవచ్చుననీ, ఈ విషయమై పురపాలక సంఘం సంజాయిషీ ఇవ్వాలనీ తిరుగు జాబు రాశారు. రెండు శాఖల్లోనూ దీనికోసం ప్రత్యేకంగా మనుషుల్ని వేశారు. విచారణ ఇంకా తేలలేదు.

హైమావతి పొద్దున్నే బడికి బయల్దేరుతుంది. ముందు ఎవరూ నడవరు, వెనక ఎవరూ జెండా పట్టరు, చెయ్యి పట్టుకుని ఎక్కించేవాళ్ళూ లేరు. తలుపు తెరుచుకుని, కూర్చుని, ఒక్కతే వెళ్ళిపోతుంది. ఆవిడకు మొదటినుంచీ కావలసింది అంతే.